మూడో కెమెరా

రామాబాయి ఫ్రేములో నిలవదు.

పొద్దుటినుంచీ హేమశ్రీ చూస్తున్నది అదే. పెళ్లికూతురికి నలుగు పెట్టే రోజు. రంగనాయకులు సావుకారు ఇంటి మిద్దె మీద షామియానా, దాని కింద పీట, పీట మీద సహన. పసుపు గిన్నెలు అందించేది రామాబాయి. తొక్కిడికి చెరిగిపోయిన ముగ్గును మళ్లీ దిద్దేది రామాబాయి. అసలు సహనను కన్నదే రామాబాయి. అయినా కెమెరా అటు తిరిగిందంటే చాలు, పొయ్యి మీద పాలు గుర్తొచ్చినట్టు ఆమె తటాలున పక్కకు తప్పుకుంటుంది. ఆమెను ఎవరూ తరమడం లేదు. హేమశ్రీకి ఒళ్లు మండిస్తున్నదీ అదే. తరిమేవాళ్లుంటే వాళ్లతో తగవైనా పెట్టుకోవచ్చు.

హేమశ్రీ చేతిలో గింబల్ ఉంది. మనిషి నడుస్తున్నా కెమెరా తొణక్కుండా నిలిపి ఉంచే పిడి అది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, మోకాళ్లు కొద్దిగా వంచి, పీట చుట్టూ నెమ్మదిగా తిరుగుతోంది. షామియానా సందులోంచి దిగే ఎండ పసుపు మీద పడితే రంగు పేలిపోతుంది, చెంపకూ నుదురుకూ తేడా తెలియదు. అందుకని కెమెరాలోకి వచ్చే వెలుతురును కొంచెం తగ్గించుకుంది. ఇప్పటి కెమెరాలకు మొహాలు వెతుక్కునే తెలివి ఉంది. తెర మీద చిన్న చదరం ఒకటి అటూ ఇటూ పాకి, ఎవరివైనా కళ్లు దొరికితే అక్కడ ఆగుతుంది. ఫోకస్ అక్కడ నిలబడుతుంది. ఆ చదరానికి ముత్తైదువ ఎవరో, కానిదెవరో తెలియదు. సహన మీద నిలిచిన చదరం మాటిమాటికీ ఎగిరి అంచున ఉన్న రామాబాయి మొహం మీద వాలేది. వాలిన మరుక్షణం అక్కడ మొహం ఉండేది కాదు. ఒక భుజమో, కొంగు చివరో, గిన్నె పట్టిన చెయ్యో మిగిలేది.

మెట్ల దగ్గర ఆమెను పట్టుకుంది హేమశ్రీ.

"అక్కా, ఒక్కసారి సహన పక్కకు రా. చెంపకు జర పసుపు రాయి. ఒక్క షాటు చాలు."

"నన్ను తీయకమ్మా," అంది రామాబాయి, గిన్నెలో పసుపును వేలితో కలుపుతూ. "నీకు తెలువంది ఏమున్నది?"

నిజమే, హేమశ్రీకి తెలియంది లేదు. సూర్యప్రకాశ్ ఉన్నన్నాళ్లూ మొగుడూ పెళ్లాం చెరొక కెమెరా పట్టి రాయచూరు పెళ్లిళ్లు తీశారు. అతను పోయాక ఆమె ఒక్కతే పట్టింది. నుదుట చిన్న స్టిక్కరు, చేతికి గడియారం, జీన్సు మీద కుర్తా. చూసినవాళ్లకు ఏమీ తెలియదు. తెలిసినవాళ్లు ఇన్నాళ్లూ నోరెత్తలేదు.

"తెలిసే అడుగుతున్న అక్కా."

"నీ సంగతి వేరు. నువ్ పని మీద వచ్చినవ్." రామాబాయి గొంతు తగ్గించింది. "రేపు నా బిడ్డకు కాలికి రాయి తాకినా, ఆ పొద్దు తల్లి అడ్డమొచ్చింది అంటరు. వాళ్లు అనకున్నా నేననుకుంట. ఆ భయం నీకు తెలువదులే, నీకు పిల్లల్లేరు."

రామాబాయి గిన్నె తీసుకుని పైకి పోయింది, మళ్లీ అంచునే నిలబడింది.

కిందికి దిగుతుంటే రంగనాయకులు ఎదురయ్యాడు. రామాబాయికి బావగారు, బజారులో పెద్ద బట్టల దుకాణం ఆయనది. తమ్ముడు పోయాక సహనను తన దగ్గరే పెంచాడు, పెళ్లిలో కన్యాదానం చేసేదీ ఆయనా ఆయన భార్యా. మంచివాడే. అడక్కుండానే అందరికీ అన్నీ తెచ్చిపెడతాడు, అడగనిదే ఎవరినీ నోరు మెదపనివ్వడు.

"ఏమ్మా, ఎల్‌ఈడీ తెరలు ఎన్ని పెడుతున్నవ్?"

"వేదికకు రెండు పక్కల రెండు, భోజనాల హాల్ల ఒకటి సావుకారు."

"స్టేజికి ఎదురుంగ గూడ ఒకటి పెట్టియ్యి, గేటు పైన. స్టేజి మీద కూసున్న పెద్దోల్లకు ఏం కనపడ్త లేదంటున్నరు. మా మొహాలు మేము చూసుకోవద్దా?" అని నవ్వాడు. ఆ నవ్వులో దాపరికమేం లేదు. నిజంగానే చూసుకోవాలని ఉంది ఆయనకు.

మర్నాడు శక్తినగర్. పెళ్లికొడుకు నవనీత్ అక్కడి కరెంటు ప్లాంటులో జూనియర్ ఇంజనీరు. క్వార్టర్సు ముందు తులసికోట, వెనక దూరంగా పొగగొట్టాలు, వాటి ఎరుపు తెలుపు పట్టీలు. హేమశ్రీ, ఈరేశ్ పొద్దున్నే మొదటి బస్సుకు దిగారు. ఈరేశ్ ఆమె దగ్గర రెండో కెమెరా పట్టే మనిషి, మస్కి ఊరివాడు. చేతి పని బాగానే ఉంటుంది గాని పక్కన హేమశ్రీ లేకపోతే ఏ షాటు ఎప్పుడు ఆపాలో తోచదు.

కృష్ణానది ఒడ్డున నవనీత్‌ను కాసేపు నడిపించి తీశారు, తర్వాత ఇంట్లోకి వచ్చారు. ముందుగదిలో ట్యూబులైటు. నవనీత్ తన ఫోనులో తీసుకున్న వీడియో చూపించి, దీంట్లో నల్లటి పట్టీలు ఎందుకు కదులుతున్నాయి అని అడిగాడు.

"మీ కరెంటు తోటి వచ్చేదే సార్," అంది హేమశ్రీ, షట్టరు వేగాన్ని యాభైకి తిప్పుతూ. "లైటు వెలుగుతనే ఉన్నట్టు కనపడతది గాని ఆరుకుంట వెలుగుకుంట ఉంటది. కెమెరా దానికి తగ్గట్టు రెప్ప వేస్తే పట్టీలు పోతయి. లేకుంటే గిట్ల గీతలు పడతయి."

"ఫ్రీక్వెన్సీ కలవాలన్నట్టు," అన్నాడు నవనీత్, సంతోషంగా. తన బడి పాఠం కెమెరాలో కనబడ్డందుకు. "మేము ప్లాంట్ల పొద్దుగాల లేస్తే చేసేది అదే."

అతని తల్లి సౌభాగ్యలక్ష్మి ఉప్మా పళ్లేలు తెచ్చింది. చేతులు తుడుచుకుని హేమశ్రీ పక్కనే దివాను మీద కూర్చుంది. ఆడమనిషి ఇంత బరువు ఎత్తుకుని తిరగడం ఆమెకు ముచ్చటగా ఉంది. గింబల్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని, ఎంత బరువుందో చూసి, నవ్వి, తిరిగి ఇచ్చింది.

"మీ ఆయన గూడ ఇదే పనా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఊళ్లో లేడనో, బెంగుళూరులో ఉన్నాడనో చెప్పిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆ పొద్దు ఎందుకో, బహుశా నిన్నటి మిద్దె మీద కొంగు చివర ఇంకా కళ్లల్లో ఉన్నందుకేమో, హేమశ్రీకి అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"ఇద్దరం కలిసి తీసేటోల్లం అమ్మా. ఇప్పుడు లేడు. పోయిండు."

"అయ్యో," అంది సౌభాగ్యలక్ష్మి. జాలి నిజంగానే పడింది. కాసేపు ఆమె చేతి మీద చెయ్యి కూడా వేసింది. ఆ తర్వాత చెయ్యి తీసుకుంది, లేచింది, లోపలికి పోయి ఫోను అందుకుంది. వంటింట్లోంచి మాటలు వినబడలేదు గాని ఆ మాటలకు ఏమి అర్థమో హేమశ్రీకి తెలుసు. చల్లబడ్డ ఉప్మా మొత్తం తినే లేచింది. పారేసి పోవడానికి ఆమె తప్పేం చెయ్యలేదు.

బస్సు రాయచూరు చేరకముందే రంగనాయకులు ఫోను వచ్చింది, దుకాణానికి ఒకసారి వచ్చి పొమ్మని.

గద్దె మీద తెల్లటి పరుపు, ఆయన వెనక చీరల గోడ. గుమాస్తా సూగప్ప టీ తెచ్చి పెట్టి కొంచెం దూరంగా నిలబడ్డాడు. రంగనాయకులు చాలాసేపు పెళ్లి ఏర్పాట్ల గురించే మాట్లాడాడు. చెప్పాల్సినదాన్ని చెప్పలేకపోతున్న మనిషి కష్టం ఆయన మొహంలో కనబడింది. హేమశ్రీ సాయం చెయ్యలేదు.

"నా మనసుల ఏం లేదమ్మా," అన్నాడు చివరికి. "నీ పని చూసే పిలిచిన. మగపెండ్లోల్లు జర పట్టింపు మనుషులు. జీలకర్ర బెల్లం, తాళి, ఆ రెండు టైములకు నువ్ స్టేజి మీద ఉండొద్దంటున్నరు. ఆ పిల్లగాడు ఈరేశ్ ఉన్నడు గద, వాడు తీస్తడు. నువ్ కింద మిక్సింగ్ టేబలు కాడ కూసో. నీడ పట్టున కూసోని చేసే పని. నీకు గూడ సుఖం."

"ముహూర్తం వదిలిపెట్టి తక్కినదంతా తీయమంటరు."

"రెండు నిమిషాల పనమ్మా అది."

"ఆ రెండు నిమిషాలకే సావుకారు, పెండ్లి అంటరు. తక్కినదంతా భోజనాలు."

సూగప్ప నవ్వు ఆపుకుంటూ నేల చూశాడు. రంగనాయకులుకు నవ్వు రాలేదు.

"నీకిష్టం లేకుంటే చెప్పు. పని మొత్తం వేరేటోల్లకు ఇస్త. నీ మీద కోపమేం లేదు."

హేమశ్రీ టీ గ్లాసు పక్కకు జరిపింది. కాదని లేస్తే ఈ సంగతి బజారంతా పాకుతుంది. ముహూర్తానికి ఆమెను దింపేశారన్న మాట ఒక్కసారి పుట్టిందంటే, ఇన్నాళ్లూ నోరెత్తనివాళ్లకు కూడా నోరు వస్తుంది. వచ్చే ప్రతి పెళ్లిలోనూ ఇదే మాట మర్యాదగా చెబుతారు, టీ ఇచ్చి మరీ చెబుతారు. ఒప్పుకున్నా అదే అవుతుంది, కొంచెం నెమ్మదిగా అవుతుంది. ముహూర్తం తీయలేని పెళ్లి కెమెరామనిషిని ఎవరు పిలుస్తారు? ఆమెకు వచ్చిన విద్య ఇదొక్కటే. అంతకన్నా, ఆమెకు ఇష్టమైన పని ఇదొక్కటే.

"టేబలు కాడనే కూసుంట," అంది లేస్తూ. "తెరల మీద ఏం పడాలనేది అక్కడినుంచే చూసుకుంట."

"హా, అదీ మాట," అన్నాడు రంగనాయకులు, బరువు దిగినవాడిలా. "మరొకటి. మా మరదలు రామాబాయి ఆ వెనక సామాన్ల గదిల కూసుంటది. ఆమెకు గూడ ఒక చిన్న టీవీ పెట్టియ్యి. బిడ్డ పెండ్లి చూసుకుంటది, పాపం."

బయటికి వచ్చాక సంగతి విని ఈరేశ్ సంచి భుజాన వేసుకున్నాడు. "పోదాం పా అక్కా. నువ్ లేకుండ నేనొక్కడ్ని స్టేజి మీద ఏం పీకుత?"

"పోతే వాళ్లకు మంచిగైతది. మనకు గాదు," అంది హేమశ్రీ.

పెళ్లి మంటపం ఊరి బయట, చంద్రబండ రోడ్డు మీద. హాలు చాలా పొడుగు. ఒక చివర వేదిక, రెండో చివర గేటు, గేటు పైన రంగనాయకులు అడిగి పెట్టించుకున్న పెద్ద తెర. గేటుకు పక్కన స్తంభం చాటున మిక్సింగ్ బల్ల. దానికి నాలుగడుగుల అవతల వంటశాలకు పోయే దారిలో సామాన్ల గది.

పెళ్లినాడు పొద్దున్నే హేమశ్రీ ఆ గదిలోకి పోయింది. కొబ్బరికాయల గోతాలు, అరిటాకుల కట్టలు, వాటి మధ్య ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో రామాబాయి, కొత్త పట్టుచీర కట్టుకుని. బూడిద రంగు చీర. సావుకారు దుకాణంలో అన్ని రంగులుండగా ఆమె అదే ఏరుకుంది. హేమశ్రీ ఒక పెట్టె మీద చిన్న టీవీ అమర్చింది. తర్వాత బయటికి పోయి, స్టాండుతో సహా ఒక కెమెరా తెచ్చి కుర్చీకి ఎదురుగా నిలబెట్టింది.

"ఇదెందుకమ్మా ఇక్కడ?"

హేమశ్రీ ట్యూబులైటుకు తగ్గట్టు షట్టరు సరిచేసింది. చేతిలో ఇమిడే చిన్న లైటు ఒకటి గోడ వైపు తిప్పి పెట్టింది, వెలుతురు సూటిగా మొహాన కొట్టకుండా గోడకు తగిలి మెత్తగా రావడానికి. కెమెరా నెత్తిన తీగ అక్కర్లేకుండా బొమ్మ పంపే పెట్టె బిగించింది. అన్నీ అయ్యాక లెన్సుకు మూత పెట్టేసింది.

"ఇది మూడో కెమెరా. మూత ఉన్నంతసేపు నాకు నల్లగ కనపడతది, అంతే. నువ్ మూత తీస్తే నువ్ కనపడతవ్. నాకొక్కదానికే గాదు అక్కా. నేను మీట నొక్కితే హాలు మొత్తానికి కనపడతవ్, స్టేజి మీద సహనకు గూడ. ముందే చెప్తున్న, తర్వాత నన్ను తిట్టొద్దు."

"నేనెందుకు తీస్త?"

"తీయకు. తీయమని నేనడుగుత లేను. నిన్ను అడగకుండ తీసే హక్కు నాకు లేదు. పెట్టకుండ పోయే మనసు గూడ లేదు."

రామాబాయి కెమెరాను చూసింది, మూతను చూసింది. "స్టేజి మీద నువ్వే ఉంటవనుకున్న," అంది.

"నన్ను గూడ దించిన్రు. నీ గది పక్కనే నా టేబలు."

హేమశ్రీ తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది.

శక్తినగర్ నుంచి కంపెనీ బస్సులు వచ్చాయి, మగపెళ్లివారు దిగారు. మేళం మొదలైంది. హేమశ్రీ చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. ఎదురుగా ఉన్న తెరలో చిన్న చిన్న గళ్లు. ఒకటో గడిలో వేదిక మీద ఈరేశ్ చూపే దగ్గరి బొమ్మ. రెండో గడిలో క్రేను మీదినుంచి హాలంతా. మూడో గడి నలుపు. కింద వరుసగా మీటలు. ఏది నొక్కితే ఆ బొమ్మ హాల్లో ఉన్న అన్ని తెరల మీదికీ పోతుంది. వచ్చినవాళ్లెవరూ వేదిక వైపు చూడటం లేదు. చూసినా కనబడదు, ముందు నిలబడినవాళ్ల వీపులు తప్ప. అందరి కళ్లూ తెరల మీదే. కనబడకూడదని ఆమెను స్తంభం చాటుకు పంపారు గాని, వెయ్యి కళ్ల పగ్గం తెచ్చి ఆమె చేతికే ఇచ్చామన్న సంగతి వాళ్లకు తట్టనే లేదు.

పురోహితుడు జయతీర్థాచారి మైకులో మంత్రం అందుకున్నాడు. వధూవరుల మధ్య తెర పట్టారు. ఈరేశ్ షాటులో ఎవరిదో మోచెయ్యి అడ్డం పడింది.

"ఈరేశ్, ఎడమకు జరుగు. ఇంకొంచెం కిందికి. ఆ, అక్కడ ఆగు. సహన చేతి మీద ఫోకస్ పెట్టు," అంది హేమశ్రీ, ఈరేశ్ చెవికి మాత్రమే వినబడే మైకులో. ఆమె గొంతు వేదిక మీద ఉంది. ఆమె మాత్రమే లేదు.

మేళం జోరందుకుంది. జీలకర్ర బెల్లం ముద్దలు చేతుల్లో పెట్టారు. అడ్డుతెర జారింది. సహన చెయ్యి నవనీత్ తల మీదికి, నవనీత్ చెయ్యి సహన తల మీదికి పోయాయి. హాలంతా అక్షతలు లేచాయి.

మూడో గడిలో ఏదో కదిలింది.

ముందు నలుపు అంచున సన్నటి వెలుగు గీత. తర్వాత గడి నిండా ఎర్రగా, మసకగా, ఒక అరచెయ్యి. ఆ చెయ్యి పక్కకు పోయింది. కెమెరా వెతుక్కుంది, తడబడింది, నిలిచింది. రామాబాయి. కుర్చీలో లేదు, నిలబడి ఉంది. ఎడమ చేతిలో లెన్సు మూత, కుడి చేత్తో కొంగు ముడి విప్పుతోంది. ముడిలో అక్షతలు. అవి ఎప్పుడు కట్టుకుందో, ఎవరి పళ్లెంలోంచి తీసుకుందో. పిడికిట పట్టి, చిన్న టీవీలో ఉన్న బిడ్డ నెత్తి మీద పడేట్టు వేసింది. గింజలు అద్దానికి తగిలి నేల మీద రాలాయి. ఆమె మళ్లీ వేసింది.

హేమశ్రీ వేలు మూడో మీట మీద ఉంది. ఇది తన పగకా, ఆమె కోసమా అన్న అనుమానం ఒక్కటి అడ్డమొచ్చింది. రెండూ అయితే అయింది, ఆమె మూత ఆమే తీసుకుంది అనుకుని నొక్కింది.

అన్ని తెరల మీదా రామాబాయి నిలబడింది. మనిషికి రెండింతల ఎత్తు. గోతాల మధ్య, బూడిద రంగు చీరలో, టీవీకి అక్షతలు వేస్తున్న తల్లి. ముందు వరసల్లో లేచిన చేతులు లేచినట్టే ఆగాయి. ఎవరో అమ్మాయి "సహన వాళ్లమ్మ" అంది. ఆ మాట వరసల వెంట వెనక్కి పాకింది. మేళగాళ్లు మాత్రం ఏమీ ఎరగక వాయిస్తున్నారు.

వేదిక మీదినుంచి రంగనాయకులు గేటు పైన తెరను చూశాడు. తీసెయ్యమని చెయ్యి ఊపాడు. పీటల మీదినుంచి లేచే వీలు లేదు. సూగప్ప పరుగెత్తుకు వచ్చాడు.

"అక్కా, సావుకారు అది తీసెయ్యమంటున్నడు."

"తీయనంటున్నదని చెప్పు."

సూగప్ప మీటల వైపు చెయ్యి చాచాడు.

"ముట్టుకో," అంది హేమశ్రీ తల తిప్పకుండానే. "తప్పు మీట పడితే తెరలన్నీ ఆరిపోతయి, రికార్డింగు ఆగిపోతది. సావుకారుకు నువ్వే చెప్పుకో." చాచిన చెయ్యి వెనక్కి పోయింది.

అప్పటికే సహన చూసింది. వరుడి తల మీద చెయ్యి అలాగే ఉంది గాని చూపు అతని మీద లేదు, గేటు పైన ఉంది. నవనీత్ కూడా మెడ తిప్పి చూశాడు. జయతీర్థాచారి తాళి ఉన్న పళ్లెం అందుకుని అక్షతల కోసం చుట్టూ తిప్పమన్నాడు. పళ్లెం తిరిగి వచ్చింది. నవనీత్ తాళి పట్టుకుని లేచి నిలబడ్డాడు. సహన తల వంచలేదు.

"అమ్మను పిలువుండ్రి పెదనాన్నా," అంది. మైకు దగ్గరే ఉంది, హాలంతా వినబడింది. "అమ్మ వచ్చేదాంక నేను మెడ వంచ."

"ఇదేంది, పీటల మీద పంతాలు?" అంది సౌభాగ్యలక్ష్మి కొడుకు వెనకనుంచి.

"అమ్మా, నువ్ జర ఊకో," అన్నాడు నవనీత్. తాళి పట్టిన చేతులు దించాడు. "రానీండ్రి. నేను ఆగుత."

పెద్దలు జయతీర్థాచారి వైపు చూశారు, ఏదైనా శాస్త్రం చెప్పి గట్టెక్కిస్తాడని. ఆయన గడియారం చూసుకున్నాడు.

"నాకు లగ్నం ముఖ్యం," అన్నాడు. "అది దాటితే ఈ పొద్దు ఇంకొకటి లేదు. ఎవరు వస్తరో, ఎవరు రావద్దో, మీరే తేల్చుకోండి. జల్దీ."

ఎవరి చూపు పడితే లగ్నం చెడుతుందని అంత జాగ్రత్త పడ్డారో, ఇప్పుడామె రాకపోతే లగ్నమే ఉండదు. రంగనాయకులు పీట మీదినుంచి లేచాడు. కన్యాదానం తడి ఇంకా ఆరని చేతులతో, పట్టుపంచె కుచ్చెళ్లు పట్టుకుని, అంతమంది మధ్యలోంచి హాలు ఈ చివరికి నడిచి వచ్చాడు. బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగి హేమశ్రీని చూశాడు. సామాన్ల గది తలుపు తోశాడు.

"రామాబాయీ, బిడ్డ పిలుస్తున్నది. రా."

అప్పటికి హేమశ్రీ బల్ల వదిలేసింది. ఆయన వెనకాలే గదిలోకి పోయి, మూడో కెమెరాను స్టాండు మీదినుంచి విప్పి రెండు చేతుల్లోకి తీసుకుంది. గడపకు ఇవతల, రామాబాయికి సూటిగా ఎదురుగా నిలబడింది. రామాబాయి గడప మీదే ఆగిపోయింది.

"నువ్ ఎదురొస్తున్నవా నాకు?"

"ఎదురుంగనే ఉంట. నడు అక్కా."

రామాబాయి చేతిలో ఉన్న మూతను ఎక్కడ పెట్టాలో తోచక హేమశ్రీ కుర్తా జేబులో వేసింది. వేసి, గడప దాటింది.

హేమశ్రీ వెనక్కి నడిచింది. ముందుకు వచ్చే మనిషిని తీయాలంటే తీసేవాళ్లు వెనక్కే నడవాలి. మామూలుగా ఈరేశ్ వెనకనుంచి ఆమె భుజం పట్టి దారి చూపిస్తాడు. ఇప్పుడు ఎవరూ లేరు. మడమతో నేలను తడుముకుంటూ, మోకాళ్లు వంచి, చూపు రామాబాయి కళ్ల మీదినుంచి తీయకుండా నడిచింది. ఒక్క ముండమోపి ఎదురైతేనే ప్రయాణాలు మానుకునే ఊళ్లో, పెళ్లి హాలు నడిమధ్యన ఇద్దరు, ఒకరికొకరు ఎదురుగా, వేదిక దాకా. తెరల మీద రామాబాయి పెద్దదవుతూ వస్తోంది. రెండు పక్కలా జనం కుర్చీలు వెనక్కి లాక్కుని దారి ఇచ్చారు. భయపడి ఇచ్చారో, గౌరవించి ఇచ్చారో హేమశ్రీకి తెలియదు. తెలుసుకునే తీరిక లేదు. దారి ఇచ్చారు, అంతే.

వేదిక మెట్లు మడమకు తగిలాయి. వెనక్కే ఎక్కింది. ఒకచోట కాలు తివాచీ మడతలో చిక్కి తూలింది. ఎవరూ చెయ్యి అందించలేదు. కెమెరాను గుండెకు అదుముకుని నిలదొక్కుకుంది, పడలేదు.

సౌభాగ్యలక్ష్మి సరిగ్గా అక్కడే ఉంది. హేమశ్రీని గుర్తుపట్టి మొహం గట్టిపరచుకుంది. చుట్టూ చూసింది, తనతో గొంతు కలిపేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అని. రంగనాయకులు నేల చూస్తూ తన పీట మీద కూర్చున్నాడు. ఈరేశ్ తన చోటు హేమశ్రీకి వదిలి పక్కకు జరిగాడు, దానికోసమే పొద్దుటినుంచీ కాచుకున్నట్టు.

రామాబాయి వేదిక అంచున ఆగింది, అలవాటు చొప్పున. సహన చెయ్యి చాచి తల్లి మణికట్టు పట్టుకుంది, వదల్లేదు. నవనీత్ మళ్లీ తాళి ఎత్తాడు. జయతీర్థాచారి గట్టిమేళానికి చెయ్యెత్తబోయి, ఈ కాలపు పురోహితులందరికీ పట్టిన అలవాటు కొద్దీ, కెమెరా వైపు తిరిగాడు. ఇప్పుడు కెమెరా సరే అననిదే ఏ తాళీ పడదు.

"ఏమ్మా, కానియ్యనా?"

హాలంతా ఆమె వైపు చూసింది. నవనీత్ చేతులు గాలిలో ఆగి ఉన్నాయి. లగ్నం గడుస్తోంది.

"జర ఆగండి స్వామీ," అంది హేమశ్రీ. "అక్కా, నువ్ సగమే పడుతున్నవ్. ఇంకో అడుగు ముందుకు రా. బిడ్డ పక్కకు."

రామాబాయి ముందు బిడ్డను చూసింది. తర్వాత ఒక అడుగు వేసింది, ఫ్రేము మధ్యకు. హేమశ్రీ ఫోకస్ చూసుకుంది, సహన మెడ మీద పడే వెలుతురు చూసుకుంది, తొందరపడకుండా అన్నీ చూసుకుంది.

"ఊఁ, కానియ్యండి," అంది.

జయతీర్థాచారి మేళగాళ్లకు వేలెత్తాడు.